చెయ్యి జారిన చోటు

నా చిన్నప్పుడు మా అవ్వతో తిరునాళ్లకు పోతే, ఆమెను అంగడి నుంచి అంగడికి ఈడ్చుకుపోయేది నేనే. ఒక ఏడాది గాజుల అంగడి దగ్గర ఆమె కావాలనే నా చేయి వదిలి, అంగడికి కట్టిన పట్ట చాటున నక్కి చూసింది. చూస్తే అవ్వ లేదు. ఏడుస్తూ రథం వైపు ఉరికాను, మళ్లీ చెరుకుల బండి వైపు ఉరికాను, ముఖం తెలియని ముసలమ్మల కొంగులన్నీ లాగి చూశాను. చివరికి అవ్వే వెనక నుంచి వచ్చి రెక్క పట్టుకుంది. కొట్టలేదు. తిరిగి గాజుల అంగడి ముందుకే తీసుకుపోయి నిలబెట్టింది.

“తప్పిపోతే తిరగాకు అమ్మీ. చెయ్యి జారిన చోటే నిలబడు. ఎతికేటోళ్లు మొదట ఆడికే వస్తారు.”

కువైట్‌లో ఈ ఇంట్లో పనికి చేరి పద్దెనిమిదేళ్లయింది. ఇంటావిడను మామా అంటాం. ఊరికి పంపమని నాలుగేళ్లుగా అడుగుతున్నాను. వేసవి రానీ అంటుంది. వేసవి వస్తుంది, వాళ్లు యూరప్ పోతారు, మామా మనవడిని ఎత్తుకోవడానికి నేనూ పోతాను. నా పాస్‌పోర్టు వాళ్ల బీరువాలోంచి వాళ్ల సంచిలోకి పోతుంది, అంతే.

పోయిన వేసవిలో చూసిన ఊరి పేరు నాకు నోరు తిరగదు. మామా పెద్దమ్మాయి నెల ముందే ఫోన్‌లో అంతా రాసిపెట్టుకుంది. పొద్దున రాజుల మేడ, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం పడవ. అక్కడ జేబుదొంగలు ఎక్కువట, పాస్‌పోర్టులు హోటల్ గదిలోనే పెట్టెలో పెట్టి తాళం వేయాలట. అంత చదువుకున్న పిల్ల, ఆ పొద్దు పెట్టె తాళం పడకపోయేసరికి, అన్నీ పాలసీసాల సంచిలో వేసి నా మెడకు తగిలించింది. పనిమనిషి సంచిని ఏ దొంగ చూస్తాడని కాబోలు.

మేడలోకి నాకు టికెట్టు కొనలేదు. వాకిట్లో ఉండమన్నారు. వాళ్లేమో లోపలంతా చూసి ఇంకో వాకిలి గుండా బయటపడి రెండు టాక్సీలు ఎక్కారు. వెనక దాంట్లో ఉన్నానని ముందువాళ్లు, ముందు దాంట్లో ఉన్నానని వెనకవాళ్లు అనుకున్నారట. పొద్దు వాలింది. నా ఫోన్ ఆ దేశంలో పలకదు.

నీళ్లకోసం సంచి తెరిస్తే నా పాస్‌పోర్టు కనిపించింది. ఊరికి పంపమని అడుగుతున్నప్పటి నుంచి అది నా చేతికి రావడం అదే మొదలు. ఎదురుగా పోలీసు నిలబడి ఉన్నాడు. దాన్ని రవికలో దోపుకుని, మా ఊరికి పోతానయ్యా అని సైగ చేసినా అర్థమయ్యేదేమో. పాదం ఎత్తాను కూడా. అవ్వ మాట అడ్డం పడింది. పాస్‌పోర్టు మళ్లీ సంచిలో పెట్టి, వదిలిన చోటే నిలబడ్డాను.

మామా వచ్చింది. ఆ వయసులో పరుగెత్తుకుంటూ వచ్చింది, కళ్లనిండా నీళ్లు. నాకోసం ఇంత ఏడ్చిందా అని నాకూ ఏడుపొచ్చింది. ఆమె నా మెడలోంచి సంచి తీసి, పాస్‌పోర్టులన్నీ ఉన్నాయో లేవో చూసుకుని, దేవుడిని తలచుకుని, ఆ సంచిని గుండెకు హత్తుకుంది.

“యల్లా,” అంది నాతో, పద అన్నట్టు, అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తూ.

అవ్వ మాటలో తప్పు లేదు. వెతికేవాళ్లు అక్కడికే వచ్చారు. వాళ్లు వెతికేది నన్ను కాకపోవచ్చని ఆమెకు తట్టి ఉండదు, పాపం, గాజుల అంగడి దగ్గర ఆమె కళ్లు నామీదనే ఉన్నాయి.

ఈ వేసవికి ఇంకో ఊరు. పెద్దమ్మాయి మళ్లీ రాస్తోంది. ఈసారి పాస్‌పోర్టులు మామా మెడలోనే ఉంటాయట. నేను ఏదో ఒక వాకిట్లో నిలబడతాను. నన్ను వెతికే మనిషి చచ్చిపోయి ముప్పయ్యేళ్లు దాటింది. అయినా నా కాళ్లు కదలవు.