గైడులో లేని వాన

ఈ వ్యవహారంలో మూర్ఖుణ్ని నేనే. తొమ్మిదో తరగతి తెలుగు గైడు రాసేది నేను. పిల్లలకు సొంతంగా ఆలోచించే శ్రమ తప్పించడమే నా వృత్తి. ఆ శ్రమ నాకూ పెద్దగా అలవాటు లేదు.

తొమ్మిదిలో ఉండగా మా అమ్మాయి ‘వర్షాకాలం’ వ్యాసంలో బోయిన్‌పల్లి మార్కెట్‌లో వాననీళ్ల మీద తేలిపోతున్న టమాటాల గురించి, చీర ఎత్తిపట్టుకుని వాటి వెంట నడిచిన ముసలమ్మ గురించి రాసింది. పదికి రెండు మార్కులు వచ్చాయి. మారేడ్‌పల్లిలోని వాళ్ల బడికి వెళ్లి అడిగితే, టీచరమ్మ నా గైడే తెరిచి చూపించింది.

“దీంట్ల టమాటాలు ఏడున్నయి సార్? మీరు రాసిన గైడు మీ బిడ్డనే చదవకపోతే ఎట్ల?”

నేను బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి, నా వ్యాసాన్ని అమ్మాయి చేత పదిసార్లు రాయించాను. పదో ప్రతి నా చేతిలో పెట్టి, “ఇగ నా సొంతంగ ఏం రాయను డాడీ,” అంది. అన్న మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది.

మరుసటి ఏడాది గైడు కొత్త ముద్రణలో నా వ్యాసం పీకేసి, అమ్మాయిది అక్షరం మార్చకుండా పెట్టాను. ఇప్పుడు అదే టీచరమ్మ తరగతి మొత్తం చేత ఆ టమాటాలను బట్టీ పట్టిస్తోంది. ముసలమ్మను మరిచిపోయినవాళ్లకు మార్కులు కోస్తోందట.