కదలని అంకె

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఖమ్మం జిల్లాలోని ఒక బొగ్గు ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసేదాన్ని. అడవి అంచున ఉన్న బొగ్గుబాయిలో మా నాయిన పనిచేసేవాడు. ఆ రోజు ఆయనది మొదటి షిఫ్టు.

బాయి ఆఫీసులో ముందు రోజు ఎవరో కొత్తగా మోడెం కార్డు పెట్టారు. నెట్టు కలవడం లేదని నన్ను పిలిచారు. కింద బొగ్గు తీసే చోట అంటుకునే గ్యాసు ఎంతుందో చూపించేది కూడా ఆ పాత కంప్యూటరే. లోపలి నుంచి వచ్చే తీగ దాని వెనక ఆ లెక్క అందుకునే సీరియల్ కార్డుకు తగిలించి ఉంది.

తెర మీద 0.3 అని ఉంది, అంటే గాలిలో నూటికి అంత వంతు గ్యాసు; ఒకటి దాటితే ప్రమాదం. నేను మోడెం పని చూస్తున్నంతసేపూ అది 0.3 గానే ఉంది.

"సార్, ఈ అంకె కదుల్తలేదేంది?" బాయిలో గాలి వ్యవహారం చూసే ఆఫీసరును అడిగాను.

"పొద్దుగాల నుంచి అంతే. గాలి మంచిగున్నది."

కార్డు కంప్యూటరును పిలవడానికి వాడే ఇంటరప్ట్ నంబరు రెండు కార్డులకూ ఒకటే పడితే కంప్యూటరుకు ఏ కార్డు పిలుపూ సరిగా అందదు. వెనక్కి వెళ్లి గ్యాసు తీగను పీకేశాను. తీగ నా చేతిలో ఉంది. తెర మీద ఇంకా 0.3 అనే ఉంది.

"సార్, ఇది పాత అంకె. కింద ఎంతున్నదో మనకు తెల్వదు!"

ఆయన గబుక్కున లేచాడు. బాయి లోపలికి మాట్లాడే ఫోను తీశాడు. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. నాయిన పొద్దున సద్ది గిన్నె పట్టుకుని వాకిలి దాటడమే కళ్ల ముందు కదిలింది.

చివరికి ఎవరో ఎత్తారు. "చేతి మీటరుతోని జల్దీ చూడుండ్రి" అని ఆఫీసరు అరిచాడు. కాసేపటికి అవతల మాట వినబడింది: "గ్యాసు ఎక్కువున్నది సార్. లోపల గాలి కొట్టే ఫ్యాను ఆగింది."

"అందరినీ బయటికి తీస్కరాండ్రి. ఏ స్విచ్చీ ముట్టద్దు, నిప్పురవ్వ లేస్తే గ్యాసు అంటుకుంటది!"

నేను కంప్యూటరు ఆపి, మూత తీసి, మోడెం కార్డు లాగేశాను. స్క్రూ రెండుసార్లు చేతిలోంచి జారింది. తీగ మళ్లీ తగిలించి ఆన్ చేస్తే, అది లేచేదాకా తెర మీంచి కళ్లు తిప్పలేదు. అంకె వచ్చింది. ఒకటి దాటింది. చూస్తుండగానే ఇంకా పెరిగింది.

బాయి మొగదలకు పరుగెత్తాను. ఒక్కొక్కరే పైకి వస్తున్నారు. మసి ముఖాలన్నీ ఒకేలా ఉన్నాయి. ప్రతి ముఖంలోనూ వెతికాను. చాలామంది దాటిపోయాక నాయిన కనిపించాడు.

"నువ్వేంది బిడ్డా గిక్కడ?"

ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వదలమన్నా వదల్లేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాటికి ఫ్యాను బాగుచేసి, గాలి సాఫైందని చూసుకుని పని మొదలుపెట్టారు. నాయిన మళ్లీ దిగాడు. నేను మోడెం మీద నంబరును నిర్ణయించే చిన్న బిళ్ల, జంపరును, వేరే ఖాళీ నంబరుకు మార్చి పెట్టాను. రెండు కార్డులూ పనిచేశాయి. నా పని అయిపోయింది, పొమ్మన్నారు. షిఫ్టు వదిలే సైరను మోగేదాకా తెర మీది అంకెను చూస్తూ ఆ కంప్యూటరు ముందు కుర్చీలోంచి నేను లేవలేదు.