తోక లేని చిలక

పోయిన నెల మా మనవరాలు బందరు వెళ్ళి నాకోసం ఒక కలంకారీ దుప్పటి కొనుక్కొచ్చింది. అంచు పొడుగునా తీగ మీద వాలిన చిలకల్లో ఒక్కదానికీ తోక లేదేమిటని షాపులో అడిగిందట. అది అనాదిగా వస్తున్న డిజైను, పూర్వం చిలకల్ని ఇలాగే వేసేవారని ఆ షాపాయన ఎంతో భక్తిగా చెప్పాడట. ఇంట్లో అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ అంచు చేత్తో పట్టుకుని మంచం మీద కూలబడ్డాను. ఆ చిలకకి తోక లేకపోవడానికి కారణం అనాది కాదు, నేను.

అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. అమ్మానాన్నలు అవనిగడ్డలో ఉంటే, నేను పెడనలో పెదనాన్నగారింట్లో ఉండి బందరు హైస్కూలుకి రోజూ వెళ్ళొచ్చేదాన్ని. పెదనాన్నది అద్దకం పని, చెక్క అచ్చులతో గుడ్డల మీద బొమ్మలు వేసేవారు. ఆ ఏడాది మా బడికి కొత్తగా వచ్చిన డ్రాయింగు టీచరుగారు, రంగుల పెట్టెలు కొనుక్కోలేని మాలాంటివాళ్ళ చేత అతికింపు బొమ్మలు మొదలుపెట్టించారు. దాన్ని కొలాజ్ అంటారని ఆవిడ చెబితే, ఆ మాట పలకడమే ఓ గొప్పగా ఉండేది మాకు. సిగరెట్టు పెట్టెల్లో వెండికాగితం, అగ్గిపెట్టెల మీది బొమ్మలు, పగిలిన గాజుముక్కలు, ఊక, పాత శుభలేఖలు, ఏది కనపడితే అది ఏరుకుని పరికిణీ కుచ్చిళ్ళలో దాచుకుని తిరిగేవాళ్ళం. మైదాపిండి ఉడికించి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన ఆ జిగురు వాసన ఎరిగినవాళ్ళు మీలో ఇంకా ఉండే ఉంటారు.

గుడివాడలో బడిపిల్లల చిత్రాల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి నేను పులిగడ్డ రేవు బొమ్మ మొదలుపెట్టాను. రేపల్లెలో మా అమ్మమ్మగారింటికి వెళ్ళాలంటే అక్కడ పడవెక్కి అవతల పెనుమూడిలో దిగాలి, అప్పటికి వంతెన లేదు. కృష్ణకి వెండికాగితం, ఒడ్డుకి ఊక, పడవకి తాటాకు సరిపోయాయి, తెరచాపకే ఏదీ నచ్చలేదు. గురువారం పొద్దున అరుగు మీద బుట్టలో లేత పసుపు రంగు గుడ్డ ఒకటి కనపడింది. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసినది, మీద ఏమీ లేదు, అచ్చం నీరెండ పడిన తెరచాప రంగు. ముక్కోణంగా కోసి అతికించేశాను. మిగిలిన మూలముక్కని మడిచి, పడవ నడిపే సరంగు బొమ్మకి తలపాగా చుట్టాను. శుక్రవారం బొమ్మ టీచరుగారికి ఇచ్చేసి, చంకలు గుద్దుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెదనాన్న పెద్దమ్మతో మాట్లాడుతున్నారు. వాళ్ళ నాన్నగారి కాలం నాటి చిలక అచ్చుని ఎన్నో ఏళ్ళకి బుధవారం బయటికి తీస్తే, నిలువునా చీలిపోయింది. చీలిన చెక్కల్ని తాడుతో బిగించి ఒకే ఒక్క ముద్ర వేయగలిగారు, దాంతో పుచ్చిన చెక్కలు పొడైపోయాయి, దానితో వేసిన పాత గుడ్డలూ ఏవీ మిగల్లేదు, ఈ ముద్ర వేసిన గుడ్డ బుట్టలో ఆరుతోంది, ఆదివారం ఉడికిస్తే సోమవారం అచ్చుల మేస్త్రి వచ్చి దాన్ని చూసి కొత్త అచ్చు చెక్కుతాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడ మీకో మాట చెప్పాలి. ఎరుపు రావలసిన చోట పటిక కలిపిన గంజితో అచ్చు వేస్తారు. అది ఆరితే కంటికి ఆనదు, ఎర్రరంగునిచ్చే వేరుచెక్కతో కలిపి ఉడికించినప్పుడే ఎర్రగా పైకి తేలుతుంది. ఆనవాలుకి కొందరు అందులో కాస్త ఎర్రమట్టి కలుపుకుంటారు గానీ, చెయ్యి తిరిగినవాడికి ఆనవాలెందుకని పెదనాన్న కలిపేవారు కాదు. ఉడికేదాకా ఏ గుడ్డా ఖాళీది కాదని అద్దకం ఇళ్ళలో నడక నేర్చిన పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెరచాప మోజులో తెలివి గట్టున పెట్టాను.

శనివారం పాసింజరు రైల్లో గుడివాడ చేరేదాకా నేను మనిషిని కాను. ప్రదర్శనలో బహుమతి వచ్చిన బొమ్మలు వారం రోజులు అక్కడే ఉంచుతారని టీచరుగారు సంతోషంగా చెప్పారు. పక్కపిల్లలు బహుమతి రావాలని మొక్కుకుంటుంటే, నా బొమ్మ ఎవరికీ నచ్చకూడదు స్వామీ అని నేను మొక్కుకున్నాను. పెద్దలు బొమ్మ ముందు ఆగి తెరచాప బాగుందనేసరికి దేవుణ్ణి నమ్మి లాభం లేదనిపించింది. మధ్యాహ్నం అందరూ పులిహోర పొట్లాలు విప్పుకుంటుండగా, ఓణీ కొంగు తడిపి, తడికి పటిక కరిగిపోతుందేమోనని ఏడుస్తూ, తెరచాప ఊడబెరికాను. తెరచాప లేని పడవని చూసి టీచరుగారు నిర్ఘాంతపోయి, బొమ్మని అక్కడికక్కడే నా చేతిలో పెట్టేశారు. ఆవిడ మళ్ళీ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంటికి రాగానే గుడ్డని బుట్టలో పడేసి, బొమ్మని ట్రంకుపెట్టెలో దాచాను. పొద్దున్నే పెదనాన్న ఆ ముక్కోణాన్ని ఎత్తి చూసి, ఎవరు కోశారని అడిగారు. పెద్దమ్మ వచ్చి గుడ్డ అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. మైదా వాసన తెలియనంత అమాయకురాలు కాదు ఆవిడ. నావైపు ఒక్కసారి చూసి, “నేనేనండీ. మసిగుడ్డకని చూసుకోకుండా కోశాను,” అంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో పడనన్ని మాటలు ఆ పూట పడింది.

ఆ గుడ్డని కాలవలో జాడించి రాగిగాబులో వేశారు. ఎరుపు తేలుతుందా, అసలు ఏమైనా మిగిలిందా అని పొయ్యి పక్కనే చెమటలు కక్కుతూ కూర్చున్నాను. నెమ్మదిగా ముక్కు వచ్చింది, రెక్క వచ్చింది, కాళ్ళ కింద తీగ వచ్చింది. కోత దగ్గర చిలక ఆగిపోయింది. తోక ఎక్కడుందో ఆ క్షణంలో నాకొక్కదానికే తెలిసింది. సరంగు తలపాగాలో ఉంది.

సోమవారం మేస్త్రి వచ్చి తోక తను ఊహించి కలుపుతానన్నాడు. పెదనాన్న చాలాసేపు కళ్ళు మూసుకుని గుర్తుతెచ్చుకోబోయారు, కుదరలేదు. “మా నాయన పెట్టిన తోక నాకు గుర్తు రావట్లేదు మేస్త్రీ. లేనిది మనం పెట్టొద్దు. ఉన్నంతవరకే చెక్కు,” అన్నారు. నా ట్రంకుపెట్టె ఆయన కూర్చున్న చాపకి పది అడుగుల దూరంలో ఉంది. నేను లేవలేదు. లేస్తే పెద్దమ్మ చెప్పింది అబద్ధమని తేలుతుందనుకున్నాను గానీ, నిజానికి నాకు భయం, అంతే.

ఆ అచ్చు చూసి తర్వాత మిగతావాళ్ళూ తోక లేకుండానే చెక్కించుకున్నారు. ఇప్పుడు చాలాచోట్ల రసాయన రంగులు, పడగానే కనపడిపోతాయి. వేసినది తేలుతుందో లేదోనని గాబు పక్కన ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. పెదనాన్న లేరు, పెద్దమ్మా లేదు. ఆ రేవు మీదా వంతెన వచ్చింది. తెరచాప లేని నా పడవ మాత్రం అద్దం బిగించుకుని ఈ గదిలో గోడ మీద ఉంది, దాని సరంగు నెత్తిన ఇంకా ఆ లేత పసుపు ముక్క ఉంది.

దుప్పటి నచ్చలేదా మామ్మా అని మనవరాలు అడుగుతోంది. నచ్చిందనే చెప్పాను. గోడ మీద బొమ్మ తీసి, ఆ ముక్క ఊడదీసి, వేరుచెక్కతో ఉడికించేవాళ్ళని వెతకమని అడగాలని రోజూ అనుకుంటాను. మైదా కింద అన్నేళ్ళున్న పటిక ఇప్పుడు ఎరుపు పట్టకపోతేనో అని భయం వేస్తుంది. పట్టి, తోక తేలితే, చూపించడానికి పెదనాన్న లేరే అని అంతకంటే భయం వేస్తుంది.