బొంతకు నాలుగో వైపు

కత్తెర మొన మా పాప కనుబొమకు వేలెడు దూరంలో ఆగింది. ఫిబ్రవరిలో ఒక మంగళవారం, సాయంత్రం నాలుగున్నర. మోక్షితకు ఆరేళ్లు. బడి నుంచి వచ్చి, నేను నేల మీద సర్దిపెట్టిన గుడ్డముక్కల్లో ఒకదాన్ని కొంచెం పక్కకు జరిపింది. అంతే. ముట్టుకోవద్దని అరుస్తూ దాని చేతిని తోసేశాను. తోసిన చేతిలోనే కత్తెర ఉంది. పాప ఏడవలేదు. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వీపు వెనక దాచుకుని, నా ముఖం చూస్తూ నిలబడింది. కత్తెర కింద పెట్టి రమ్మన్నా దగ్గరకు రాలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

బొంతలు కుట్టడం ఒకప్పుడు నాకు ప్రాణం. మోక్షిత కడుపులో ఉన్నప్పుడు, డిగ్రీలో కట్టిన వాయిల్ చీరలు చింపి మొదటి బొంత కుట్టాను. వంకరటింకరగా వచ్చింది. దాన్ని చూసుకుని మురిసిపోయాను. తర్వాత ఫోన్లో బొమ్మ పెడితే జనం మెచ్చుకున్నారు. కుట్టేవాళ్ల గ్రూపు ఒకటి తయారైంది. అందులో వారానికో కొత్త నమూనా పెట్టాలి. ఫోటోలో కుట్లన్నీ ఒకే పొడవున కనిపించాలి. నేను స్కేలు పెట్టి సుద్దతో గీసుకుని కుట్టేదాన్ని. ఒక్క కుట్టు పక్కకు పోతే వరస మొత్తం విప్పేదాన్ని. పోయిన ఏడాదిలో కుట్టినదానికన్నా విప్పిందే ఎక్కువ. సూది పట్టుకుంటే మెడ బిగుసుకుపోయేది. అయినా మానలేకపోయాను. మానితే ఇక నాకంటూ ఏముంటుందని.

మంగళవారం తర్వాత తేల్చుకున్నాను. గుడ్డలన్నీ మూటగట్టి మా పెద్దమ్మకు ఇచ్చేయాలి. ఆమెది కణేకల్ దగ్గర ఊరు, ఏటా ఎండలు ముదిరేలోపు బొంత కుడుతుంది. మా ఆయన ఒక్క మాటే అన్నాడు. "ఇచ్చేసి రా. ఇచ్చినాక మళ్లా ఏడవొద్దు."

రెండో శనివారం పొద్దున అయిదూ యాభైకి అనంతపురం బస్టాండులో ఉరవకొండ బస్సు ఎక్కాను. పిల్లల్ని ఆయనకూ మా అత్తకూ అప్పజెప్పి, మూడేళ్ల నందుకు జ్వరం వస్తే ఏ మందు ఎన్ని చుక్కలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. వాడికి జ్వరం లేదు. కూడేరు రాకముందే రెండుసార్లు ఫోన్ చేశాను.

ఆడవాళ్లకు టికెట్ ఉచితం, కానీ ఆధార్ చూపించాలి, మర్చిపోవద్దు. కండక్టర్ నాకు సున్నా టికెట్ కొట్టి, నడవలో అడ్డంగా ఉన్న మూట వైపు చూశాడు. "మనిషికైతే సున్నానే. ఆ మూటకూ ఆధార్ ఉండాదామ్మా?" అన్నాడు. వెనక సీట్లవాళ్లు నవ్వారు. మూటను కాళ్ల మధ్యకు లాక్కున్నాను.

కూడేరులో ఒకామె కరివేపాకు గంపతో ఎక్కి నా పక్కన కూర్చుంది. మూటను చేత్తో నొక్కి చూసి, స్టీలు సామాన్లు యాడ పెట్టినావు పాపా అని అడిగింది. పాత చీరలు తీసుకుని గిన్నెలిచ్చే వ్యాపారం నాదనుకుంది. కాదు, మా పెద్దమ్మకు ఊరికే ఇవ్వడానికి తీసుకుపోతున్నానన్నాను. "ఊరికేనా? నాలుగు చీరలకు టిపిను క్యారియరొస్తాది గదమ్మా" అని ఉరవకొండ దాకా నా తెలివితక్కువతనానికి బాధపడింది. కిటికీ అవతల శనక్కాయ పీకేసిన ఎర్రచేలు, గుట్టల మీద గాలిమరలు. అన్నీ ఆగిపోయి ఉన్నాయి. గాలి లేదు.

ఏడుంబావుకు ఉరవకొండ. కణేకల్ బస్సు ఏడూ యాభైకి. ఆ మధ్యలో బస్టాండు ఎదురుగా బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు. పైన చల్లే పప్పుల పొడి ఎక్కువ వేయించుకోండి. తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా కణేకల్‌లో దిగాను. ఊరు వచ్చే ముందు కాలువ దాటగానే ఒక్కసారిగా పచ్చటి వరిమళ్లు కనిపిస్తాయి. రెండున్నర గంటలు ఎర్రమట్టి చూసిన కళ్లకు నమ్మబుద్ధి కాదు. అక్కడి నుంచి పెద్దమ్మ ఊరికి షేర్ ఆటో, ఇరవై రూపాయలు.

పెద్దమ్మ ఇంటి ముందు కానుగచెట్టు నీడలో చాప పరిచి, దాని మీద బొంత పరిచి ఉంది. మంచమంత బొంత. దానికి నాలుగు వైపులు, వైపుకొక మనిషి. అంచు నుంచి మొదలుపెట్టి అందరూ ఒక్కో వరస వేసుకుంటూ లోపలికి జరుగుతారు. నాలుగు వైపులూ నడుమ కలిస్తే బొంత అయినట్టు. ఆరోజు మూడు వైపులే నిండి ఉన్నాయి. పెద్దమ్మ ఒక వైపు, పక్కింటి సరోజక్క ఒక వైపు, ఎనభై దాటిన హనుమక్క అవ్వ ఒక వైపు. నాలుగో మనిషి కూతురి కాన్పుకని బళ్లారి పోయిందట. ఆ వైపు వరసలు వెనకబడి, బొంత అటు వదులుగా ఉబ్బి ఉంది.

మూట దించి విషయం చెప్పాను. పెద్దమ్మ మూట విప్పను కూడా విప్పలేదు.

"కూర్చో ఆ వైపు" అంది.

"నేను మానేసినా పెద్దమ్మా. ఇచ్చిపోదామని వచ్చినా."

"మానేస్తువులే. ఇది అయినాక మాను. ఈ పొద్దు బొంత ముగిచ్చి లేపకపోతే రేపు మాకు శనగచేను కోత ఉండాది."

కాదనలేక కూర్చున్నాను. సూది తీసుకోగానే మెడ బిగిసింది. స్కేలు లేదు, సుద్ద లేదు. అయినా కళ్లతో కొలుచుకుంటూ, పన్నెండున్నర దాకా నాలుగు వరసలు వేశాను. సరోజక్క నా కుట్లు చూసి, మిషను కుట్టినట్టుందే అంది. ఆ మాట విన్నా నాకేమీ అనిపించలేదు. ఏడాదిగా అంతే.

మధ్యాహ్నం జొన్నరొట్టె, శనక్కాయల ఊరుబిండి పచ్చడి, మజ్జిగ. నేను గబగబా తిని ముందుగా బొంత దగ్గరకు వచ్చాను. మిగతావాళ్లు ఇంకా అరుగు మీద ఉన్నారు. నా వైపుకూ అవ్వ వైపుకూ మధ్య మూల దగ్గర ఆమె కుట్లు కనిపించాయి. ఒకటి బెత్తెడు, ఒకటి అంగుళం, ఒకటి పైకి, ఒకటి పక్కకు. నా వరస పక్కన అవి ఉండడం నేను ఓర్చుకోలేకపోయాను. చేయి దానంతటదే పోయింది. రెండు వరసల్లో మూరెడు పొడవున అవ్వ కుట్లు విప్పేశాను. ముసలామె కష్టం తగ్గిస్తున్నానని కూడా అనుకున్నాను.

అవ్వ వచ్చి కూర్చుంది. సూది పట్టుకునే ముందు కుడిచేతి చూపుడువేలితో గుడ్డను తడిమింది. ఇంకొంచెం ముందుకు తడిమింది. వెనక్కి వచ్చింది. వేలు అక్కడే తిరుగుతూ ఉంది.

"నా కుట్టు యాడికి పాయ?" అంది.

ఆమె కళ్లలో పొర నేను అప్పుడు చూశాను. పొద్దున్నుంచీ పక్కనే కూర్చుని చూడలేదు. పెద్దమ్మ నా వైపు తిరిగింది. ఈ ఊళ్లో ఒకరి కుట్టు ఇంకొకరు విప్పరు. చచ్చిపోయినవాళ్ల బొంత చిరిగినా పైన ఇంకో గుడ్డ వేసి కుడతారు గానీ పాత కుట్టు తెంపరు. అది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ చేశాను.

"నేనే అవ్వా" అన్నాను. "వంకరగా ఉంటే సరిజేద్దామని ఇప్పినా."

"వంకరగా ఉంటేనే గదమ్మీ నాకు దొరికేది. కండ్లు పోయి మూడేండ్లాయ. నా యేలికి తెలిసేటట్టు ఏసుకుంటా. నున్నగా ఏస్తే నేను యాడుండానో నాకెట్ల తెలియల్ల?" కొంచెం ఆగి, "నా నడుము కూడా వంకరే. దాన్నీ ఇప్పి కుడతావా?" అంది.

సరోజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ముఖం మీద ఎండ కొట్టినట్టయింది. లేచి వెళ్లిపోదామనిపించింది. మూట పక్కనే ఉంది, మూడుంబావుకు ఆటో ఉంది.

"పోయేదేముండాది, కుట్టు" అంది అవ్వ, నేను కదిలినట్టు పసిగట్టి. "ఇప్పినదానివి నువ్వే కుట్టు. నా యేలికి దొరికేటట్టు కుట్టు."

కుట్టాను. మొదటి జానెడు పూర్తవగానే ఆమె తడిమింది. దొరకలేదు, మళ్లీ అంది. కుట్లు పెద్దవి చేశాను. అయినా దొరకలేదు. అప్పుడు నేను కళ్లు మూసుకుని, కుట్టిన చోట నా వేలు పెట్టి చూశాను. ఏమీ తెలియలేదు. గుడ్డ ఒక్కటే తెలిసింది. ఇన్నేళ్లలో నా కుట్టును నేను ముట్టుకుని చూసిందే లేదు. దారం రెండు పేటలు చేసి, సూదిని లోపలిదాకా దింపి, పైన బియ్యపుగింజలా లేచేటట్టు లాగాను. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. మళ్లీ వేలు పెట్టాను. తగిలింది. చూడకుండా ఇంకోటి వేశాను. అది పక్కకు పోయింది. పోనిచ్చాను.

మూరెడు పూర్తయ్యాక అవ్వ వేలు ఆ వరస మీదుగా మెల్లగా నడిచింది. చివర ఆగింది.

"ఆఁ. దొరికింది. ఈడుండా నేను" అంది.

నాకు నవ్వు వచ్చింది. గ్రూపులో వందమంది మెచ్చినా రానిది. ఆ తర్వాత ఎంతసేపు కుట్టానో నాకు తెలియదు. మాటలు సాగుతూనే ఉన్నాయి. సరోజక్క మొగుడు సంతలో గుడ్డి ఎద్దును కొన్న కథ విని నవ్వీ నవ్వీ సూది జారవిడిచాను. ఫోన్ చూసుకోలేదు. మెడ సంగతే మర్చిపోయాను. వెనకబడిన నా వైపు మిగతా మూడు వైపులను అందుకుంది. నాలుగున్నరకు నలుగురి తలలూ నడుమ దాదాపు తగులుకున్నాయి.

చివరి కుట్టు నన్నే వేయమన్నారు. ఆఖరున వచ్చినవాళ్లది ఆఖరి కుట్టు, వాళ్లే మొదట దాని మీద పడుకోవాలి, అది ఆ ఇంటి పద్ధతి. నేను సిగ్గుపడితే పెద్దమ్మ భుజం పట్టి పడుకోబెట్టింది. పడుకునే ఇంటికి ఫోన్ చేశాను. పిల్లలు బాగున్నారు, జ్వరం లేదు, అన్నం తిన్నారు. మోక్షితకు ఇమ్మని, మంగళవారం నీ చేయి తోసినానే, అది నా తప్పు పాపా అన్నాను. "సరే" అని తమ్ముడికి ఫోన్ ఇచ్చేసింది. వాడు ఏదో చెబుతూ ఉండగానే నిద్రపోయాను. వీపు కింద కుట్లన్నీ తెలుస్తున్నాయి. పట్టపగలు, నడివీధిలో, గంటసేపు. నందు పుట్టాక అలా పడుకోలేదు.

ఆరుంబావుకు కణేకల్‌లో తిరుగు బస్సు ఎక్కాను. సాయంత్రం బస్సులో సీటు దొరకాలంటే పది నిమిషాలు ముందు వెళ్లండి. మూట నా ఒళ్లోనే ఉంది. పెద్దమ్మ అందులోంచి ఒక్క చీర తీసుకుని, మిగతాది నీ దగ్గరే పెట్టుకో, నాకెందుకు అంది. చీకటి పడుతుంటే గుట్టల మీద గాలిమరలు తిరగడం మొదలుపెట్టాయి. ఉరవకొండ వచ్చేలోపు గ్రూపు నుంచి తప్పుకున్నాను. వీడ్కోలు మాటలేమీ రాయలేదు. ఎవరికైనా మనసుకు నచ్చిన పని చేదైపోయి ఉంటే, కణేకల్ దాకా పోనక్కరలేదు. ఒంటరిగా చేస్తున్నారేమో, కంటికోసమే చేస్తున్నారేమో ఒకసారి చూసుకోండి. నాకు తెలుసుకోవడానికి ఒక రోజూ, కొన్ని తిట్లూ పట్టాయి. తొమ్మిదింటికి ఇల్లు చేరేసరికి పిల్లలు పడుకున్నారు. నేను గెలిచి వచ్చినదానిలా మెట్లెక్కాను.

పొద్దున్నే ఇద్దరూ మూట చుట్టూ తిరుగుతున్నారు, ముట్టుకోకుండా. ఇచ్చేసి రాలేదా అని మోక్షిత అడిగింది. మూట విప్పి ముక్కలన్నీ నేల మీద కుమ్మరించాను.

"ఇయ్యలేదు. నిన్న ఆడ ఒక అవ్వ కుట్టు ఇప్పి తిట్లు తిన్నా" అన్నాను. "బొంతకు నాలుగు వైపులుంటాయి. పాపా, ఇది నీ వైపు. నందూ, నువ్వు ముక్కలు ఏరి నాయనకియ్యి, ఆ వైపు నాయనది. మీ అవ్వను పిలుచుకొస్తే ఆమెకో వైపు. నాది ఇది. ఎట్లొస్తే అట్ల కుట్టండి. మీరేసిన కుట్టు నేను ఇప్పను."