నేరేడు పందిరికి ఆరు లైట్లు

ఇప్పుడు చెప్పబోయేది ఒక వీరగాథ. ఇందులో అడవి ఉంది, రెండిళ్ళ మధ్య పగ ఉంది, పెళ్ళివేళ నల్లబడ్డ పందిరి ఉంది, దానికి ఎదురు నిలిచిన ఒంటరి యోధురాలు ఉంది.

కాస్త సవరించుకోవాలి. అడవి ఉన్నమాట నిజమే కానీ రోడ్డుకు అవతల. పగ అంటే మా అత్త రెండేళ్ళుగా నాతో ముఖం పక్కకు తిప్పుకుని మాట్లాడటం. యోధురాలిని నేనే. ఆయుధాలంటే రంగులు మారే ఆరు ఎల్ఈడీ లైట్లు, వాటిని ఆడించే మిషను ఒకటి.

పాల్వంచలో ఒక లైటింగ్ షాపులో పనిచేస్తాను. మొదటి ఏడాదంతా వైర్లు చుట్టాను. ఫంక్షన్ హాల్లో మిషను ముందు కూర్చునేది ఎప్పుడూ షాపులో నాకంటే ముందు చేరిన ఎవరో ఒక అన్న. అతను టీకి వెళ్ళినప్పుడు మాత్రం నేను కూర్చునేదాన్ని. మా అన్నలు టీ బాగా తాగుతారు, అందుకే పని తొందరగా వచ్చేసిందని మా ఊళ్ళో అందరికీ చెప్తుంటాను.

మా గూడెంలో మేనమామ కొడుకు పెళ్ళికి మా షాపు లైట్లే మాట్లాడారు. ఆ రోజు అన్నలందరూ ఖమ్మంలో పెద్ద రిసెప్షన్‌కు పోవాలి. ఓనరు నన్ను పిలిచాడు.

“మీ ఊరే గదా, నువ్వే పో. కానీ కంప్లైంట్ అని ఒక్క ఫోన్ రావద్దు. వచ్చిందా, ఇగ జన్మల మిషను ముట్టవు. వైర్లు చుట్టుడే.”

“సరే సార్.”

“అన్ని లైట్లకు ఒకటే నంబరు పెట్టు. ఒకటో బటన్ ఒత్తి మూలకు కూసో. గూడెం పెళ్ళికి గదే ఎక్కువ.”

చివరి మాట దగ్గర నాకు చెవులు వేడెక్కాయి. ప్రతి లైటు వెనకా ఒక నంబరు పెట్టుకోవాలి. మిషను దాన్ని ఆ నంబరుతోనే గుర్తుపడుతుంది. అన్నింటికీ ఒకే నంబరు పెడితే అన్నీ ఒకేసారి ఒకే రంగు వేస్తాయి, ఒకరు తలాడిస్తే మిగతా ముగ్గురూ తలాడించే మా మేనమామల్లాగ. పని సులువు. నేను గూడెం చేరగానే నేల మీద కూర్చుని ఆరింటికీ ఆరు వేరువేరు నంబర్లు పెట్టాను. అవసరం ఉందని కాదు. ఓనరు వద్దన్నాడని.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ పెళ్ళికొడుకును వరస ప్రకారం నేను చేసుకోవాల్సింది. రెండేళ్ళ కిందట నేను వద్దన్నాను, అత్త పగ అప్పటిదే. నిజానికి బావ కూడా వద్దనే అన్నాడు, కాకపోతే మెల్లగా అన్నాడు కాబట్టి ఎవరికీ వినపడలేదు.

పొద్దున్నే మగవాళ్ళు నేరేడు కొమ్మలు కొట్టుకొచ్చి పందిరి కప్పారు. మా దగ్గర పెళ్ళి పందిరంటే పచ్చి ఆకే. గుడ్డ కడితే అది టెంటు, పందిరి కాదు. నాలుగు లైట్లు గుంజల మొదట్లో ఆకుల వైపు, రెండు పెళ్ళిపీటల వైపు పెట్టాను. బావ వచ్చి పక్కన నిలబడ్డాడు.

“నన్ను మంచిగ కనపడేటట్టు చెయ్ జర.”

“లైట్లే తెచ్చిన బావా, మంత్రాలు తేలే.”

చీకటి పడుతుండగా పెళ్ళికూతురు డోళ్ళతో పందిరి కిందికి వచ్చింది. ఒకటో బటన్ ఒత్తాను. షాపు ప్రోగ్రామ్‌లో వధూవరుల ఎంట్రీకి నిండు ఎరుపు. హాల్లో ఆ ఎరుపు పడితే తెల్లటి గుడ్డ గులాబీలా వెలుగుతుంది. ఇక్కడ పందిరి నల్లబడింది. పొద్దున కోసిన ఆకులన్నీ మాడిపోయినట్టు, నెత్తిన బొగ్గు కప్పినట్టు అయింది. డోళ్ళు ఆగాయి.

అత్త మాత్రం ఆగలేదు. “చూసిండ్రా! కడుపుల పెట్టుకొని చేసింది. నా కొడుకు పెండ్లిల పచ్చని పందిరిని నల్లగ చేసింది!”

“అత్తా, కడుపుల పొద్దున తిన్న ఉప్మా తప్ప ఏం లేదు. అయిదు నిమిషాలు ఆగు.”

“ఆగుడేంది? మీ సేటుకు ఫోన్ చేస్తున్న!”

తెల్ల లైటు వేసి కూర్చుంటే గొడవ అక్కడికి ముగిసేది. కానీ కావాలనే చేశానని ఒప్పుకున్నట్టూ అయ్యేది, గూడేనికి ఇదే ఎక్కువన్నవాడి మాట నిజమయ్యేది. నా వల్ల కాదు. మిషను దగ్గర నుంచి లేవలేదు. ఆలోచిస్తే విషయం చిన్నదే. పచ్చటి ఆకు పచ్చ వెలుగునే తిరిగిస్తుంది, ఎరుపును మింగి ఊరుకుంటుంది. ఆ ప్రోగ్రామ్ గుడ్డ కోసం రాసింది, ఆకును లెక్కలోకి తీసుకోలేదు. పందిరి వైపున్న నాలుగింటికీ ఎరుపు పూర్తిగా దించి పచ్చ ఎక్కించాను. అదే పచ్చ పెళ్ళికూతురు ముఖం మీద పడితే దవాఖానాకు తీసుకుపోవాలనిపిస్తుంది, అందుకని పీటల వైపున్న రెండింటికీ దీపం వెలుగులాంటి లేత పసుపు ఇచ్చాను. అన్నింటికీ ఒకే నంబరు ఉండి ఉంటే ఈ రెండూ ఒకేసారి కుదిరేవి కావు.

మా అమ్మమ్మ, అంటే పెళ్ళికొడుక్కి నాయనమ్మ, కర్ర పట్టుకుని పందిరి నడిమికి వచ్చి పైకి చూసింది. ఒక కొమ్మను పట్టుకుని ఆకు తిరగేసింది. గూడెమంతా ఆమె నోటివైపు చూస్తోంది. నేను మాత్రం అత్త చేతిలోని ఫోనువైపు చూస్తున్నాను.

“ఇప్పుడే వానవడి ఎలిసినట్టుంది,” అంది అమ్మమ్మ. “డోళ్ళెందుకు ఆపిండ్రు? చేతులు పడిపోయినయా?”

డోళ్ళు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే ఓనరు ఫోన్ ఎత్తాడు. అత్త స్పీకర్ పెట్టి ఉంది.

“హలో, ఏంది ప్రాబ్లం? ఏం చేసింది ఆ పిల్ల?”

అత్త పందిరి చూసింది, అమ్మమ్మను చూసింది, ఇష్టం లేకుండా నన్ను చూసింది.

“ఏం లేదు. మా చిన్నోని పెండ్లికి గూడ ఈమెనే పంపు. టీ తాగేటోళ్ళను పంపకు.”

మర్నాడు షాపులో ఓనరు మిషను తిరగేసి, మరగేసి చూశాడు. “ప్రోగ్రామ్ మార్చినవా?”

“అవ్ సార్. నంబర్లు గూడ వేరే పెట్టిన.”

తిడతాడనుకుని జవాబులు నాలుగు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. “రెండో బటన్ల సేవ్ చెయ్,” అని టీకి వెళ్ళిపోయాడు.

సేవ్ చేశాను. మిషను ముందు నా కుర్చీ ఇప్పుడు ఖాయం. ఎవరైనా నేరేడు పందిరికి లైట్లు పెట్టబోతుంటే నేను చెప్పగలిగింది ఒక్కటే. పెట్టెలో సర్దేముందు ప్రతి లైటునూ బోర్లించి రెండుసార్లు తట్టాలి. ఆకుల మీది ఎర్రచీమలు లైటు లోపలుండే చిన్న ఫ్యాన్‌లోకి దూరతాయి.