తలుపు పక్కన కట్టిన సెన్సర్లు

మూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. జాలిపడకండి. నాకిప్పుడు వస్తున్నది ఏడుపు కాదు, కోపం. అందులో సగం నా మీదే.

నాది జగ్గయ్యపేట. నందిగామ పక్కన, రైతులు ఎండుమిరపకాయలు దాచుకునే ఒక కోల్డ్ స్టోరేజీలో సెన్సర్లు బిగించాను. గదిలో చలి ఎంతుందో సెన్సర్ గంటగంటకూ చెబుతుంది. ఆ అంకె నేరుగా బ్లాక్‌చెయిన్‌లోకి వెళుతుంది. అంటే ఎన్నో కంప్యూటర్లలో ఒకేసారి నమోదవుతుంది, తర్వాత యజమాని కూడా దిద్దలేడు. బస్తా మీది కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే కొనేవాడికి ఆ చరిత్రంతా కనిపిస్తుంది. ఇక మోసమన్న మాటే ఉండదని మా కంపెనీ వాళ్ళు మైకు పట్టుకుని చెప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను.

గదికి నాలుగు సెన్సర్లు, మూలకొకటి. కానీ ఆ మందపాటి గోడల మధ్య వెనక మూలల్లో సిగ్నల్ అందలేదు. మర్నాడే ప్రారంభోత్సవం. సిగ్నల్ పెంచే పరికరం రావాలంటే వారం పడుతుంది. ఏం చేశాను? నాలుగూ తలుపు పక్కనే, ముందువైపు ఫ్యాను చలి బాగా తగిలే చోట కట్టేశాను. రికార్డులో మాత్రం నాలుగు మూలలని రాశాను. తర్వాత మారుద్దాంలే అనుకున్నాను. మార్చానా? లేదు. పచ్చగా వెలిగే అంకెలను చూస్తూ, ఏ మూలా పాడవలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఆ సీజనంతా గడిపేశాను.

ఆ సీజన్లోనే వెనక మూల ఫ్యాను ఆగిపోయింది. ఎవరికీ తెలియలేదు. తెలిపేది అక్కడ లేదు మరి. కీసర నుంచి వచ్చిన సుబ్బాయమ్మ గారి బస్తాలు ఆ మూలలోనే ఉన్నాయి. విప్పేసరికి కాయంతా బూజు. సెన్సర్లు బిగించినవాణ్ణని నన్నూ పిలిపించారు. మేనేజరు ఫోన్ చూపించి, చలి ఒక్క గంట కూడా తగ్గలేదు, మీరే సరిగా ఎండని కాయ తెచ్చారు అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగింది.

"గుప్పిట్లో పట్టి ఆడిస్తే గింజ గలగలమనాలి, అప్పటిదాకా నేను కల్లంలోంచి కాయ ఎత్తనయ్యా. ఆ మూలకెళ్తే నాకు చలే తగల్లా. నువ్వు చెప్పు బాబూ, ఆ పెట్టె అక్కడ కట్టావా?"

"కట్టానండి," అన్నాను.

"మిషను అబద్ధం చెప్పదు కదమ్మా," అన్నాడు మేనేజరు.

ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు తప్పంతా ఆవిడ మీద పడింది. తేమ కాయ తెచ్చిన రైతు అని ఆవిడ పేరు కింద నమోదు చేశారు, అదీ ఆ చెరపలేని చోటే. ఎంత సిగ్గుమాలిన పని! ఎవరూ దిద్దడానికి వీల్లేకుండా రాసిపెట్టే ముందు, రాసేది నిజమో కాదో ఆ గదిలోకి వెళ్ళి చూడాలని ఇంత చదివిన మాలో ఒక్కడికైనా తట్టలేదేం? వెళ్ళి చూసిన ఒకే ఒక్క మనిషిని అబద్ధాలకోరును చేశాం. మరి నేను? ఒక్క మాట చాలు, చెప్పలేకపోయాను. ఉద్యోగం పోతుందనా, పదిమందిలో పరువు పోతుందనా? రెండూనేమో. ఏ కారణం చెప్పినా నాకే అసహ్యంగా ఉంది.

పోయిన వేసవిలో కంచికచర్ల బస్టాండులో ఆవిడ ఊరి మనిషి ఒకాయన కనిపించి చెప్పాడు. ఇప్పుడు సుబ్బాయమ్మ గారు కాయ ఎండాక గుప్పెడు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నారట. ఎండిందో లేదో కాస్త చూసి చెప్పండి, నా చేతి మీద నాకు నమ్మకం పోయింది అంటున్నారట. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మిరప పండించిన మనిషి!

ఆవిడ కాయ ఎండే వచ్చింది. ఆ మూలలో సెన్సర్ లేదు. కట్టానని చెప్పింది నేను. ఆవిడ ఎదుట నిలబడి ఈ మాటలు ఇంకా అనలేదు. ఇక్కడైతే రాశాను.