డిక్కీకి తొడిగిన చొక్కాలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ దులుపుడు బాబాయి అంటారు. ముఖం మీద కాదు లెండి, ఆయన పక్కకు తిరిగాక. కార్ల సీట్లకు కవర్లు కుట్టడం ఆయన పని. దుకాణంలోకి ఏ కారు వచ్చినా ముందు తలుపు తెరిచి, చేతిగుడ్డతో సీటుకు రెండు దెబ్బలు వేసి, లేచిన దుమ్మును చూసి యజమాని వంక ఓ చూపు చూస్తాడు. ఆ చూపుకు జడిసి ముందే కారు కడిగించుకుని వచ్చేవాళ్లున్నారు.

ఊళ్లోవాళ్ల కార్లకే అంత చేసేవాడు సొంత కారును ఎలా చూసుకుంటాడో వేరే చెప్పాలా? అందులోనూ డిక్కీని. కొన్న రోజున కంపెనీవాళ్లు వేసిన ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంచాడు. అది చిరుగుతుందేమోనని దాని మీద తివాచీ పరిచాడు. తివాచీ మాస్తుందేమోనని పైన రెక్సిన్ కుట్టాడు. రెక్సిన్‌కు గీతలు పడకుండా పాత బొంత, బొంతకు దుమ్ము పట్టకుండా దుప్పటి. ఇన్ని చొక్కాలు తొడుక్కున్న ఆ డిక్కీలో ఏనాడైనా కూరగాయల సంచి పెట్టిన పాపాన పోయాడా అంటే, లేదు. సంచి ఎప్పుడూ ఆవిడ ఒళ్లోనే ఉండేది.

ఆవిడంటే ఆయన భార్య. బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరైంది. పిల్లల్ని పరిగెత్తించే పని అయిపోయాక తన కాళ్లు ఊరుకోలేదు. ఆదివారం తెల్లారితే సైకిలు తీసి ఊరి చివరి అడవి బాట పట్టేది, వెనకాలే కుక్క. కుక్క పేరు మేనేజరు. పని చేసేవాళ్ల ఎదురుగా కూర్చుని తేరిపార చూడడం తప్ప ఏమీ చెయ్యదు కనుక ఆవిడే పెట్టిన పేరది. దానికి బురదంటే ప్రాణం. నడివేసవిలో కూడా ఎక్కడో ఓ గుంట వెతుక్కుని, కడుపు దాకా ముంచుకుని, ఇంటికొచ్చి సరిగ్గా గుమ్మంలో ఒళ్లు విదిలించేది.

ఈ మధ్య ఆవిడకు మోకాలు నొప్పి పట్టుకుంది. చదునైన అడవి బాటలో తొక్కొచ్చు గానీ, అక్కడికి చేర్చే ఎత్తు రోడ్డు మాత్రం వద్దంది డాక్టరమ్మ.

"ఏవండీ, అడవి దాకా కారులో దించండి. సైకిలూ మేనేజరూ డిక్కీలో పడుంటాయి," అంది ఆవిడ.

ఆయనకు గుండె ఆగినంత పనైంది. "డిక్కీలోనా? దానికో కవరు కుట్టనీ, అప్పుడు చూద్దాం."

వానలు మొదలైనప్పుడు అన్న మాట అది. వానలు వెనకబట్టాయి గానీ కవరు మొదలవలేదు. ఓసారి గుడ్డ దొరకలేదు, ఓసారి దారం రంగు కలవలేదు, ఓసారి మిషనుకు సుస్తీ చేసింది. ఊళ్లో కుక్కలున్న ప్రతి కారుకూ డిక్కీ కవరు కుట్టిన మనిషికి సొంత కుక్క కొలత తీసే తీరిక మాత్రం చిక్కలేదు.

ఆవిడ పోట్లాడలేదు. అదే ఆయన కొంప ముంచింది. ఓ ఆదివారం పొద్దున వాకిట్లో హారన్ మోగింది. ఎదురింటి ప్లంబరు, తన ట్రాలీ బండితో. వెనకంతా పైపులు, బకెట్లు, సిమెంటు మరకలు.

"రండక్కా, నేనూ అటే పోతున్నా," అంటూ సైకిలెత్తి పైపుల మీద పడేశాడు. మేనేజరు ఒక్క గెంతులో ఎక్కి సిమెంటు బస్తా మీద దర్జాగా కూర్చుంది. ఆవిడ ముందు సీట్లో సర్దుకుంది. బండి కదులుతుండగా అతనేదో అన్నాడు, ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు వీధి మలుపు దాకా వినబడింది.

దులుపుడు బాబాయి గేటు పట్టుకుని నిలబడిపోయాడు. తన కారులో ఆవిడ అలా నవ్విందెప్పుడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ప్లంబరు మీద ఒళ్లు మండింది. అతను నిజంగా మంచివాడు కావడంతో ఆ మంట చల్లారే దారి కూడా దొరకలేదు.

పై ఆదివారమూ అదే హారన్. ఆ పై వారం ప్లంబరు బండి ఆపి, "బావగారూ, మీరూ రండి. వెనక బకెట్ బోర్లిస్తా, కూర్చుందురు గాని," అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. ఇలాగే వదిలేస్తే ఆదివారాలు చేజారిపోతాయి, వాటితో పాటు ఆవిడ తనను తోడు రమ్మనడమే మానేస్తుంది. ఆ భయం మనసును గట్టిగా పట్టుకుంది.

సోమవారం దుకాణం పనులన్నీ పక్కన పడేసి కత్తెర పట్టాడు. అడుగున టార్పాలిన్, మధ్యలో మందపాటి స్పాంజి, పైన నీళ్లు ఇంకని గుడ్డ. సైకిలు పెడల్ గుచ్చుకోకుండా ఓ జేబు. కుక్క గోళ్లు బంపరును గీరకుండా బయటికి వేలాడే నాలుక. మేనేజరు నిద్రపోతుంటే టేపుతో ముక్కు నుంచి తోక దాకా కొలిచాడు. అది ఒక కన్ను తెరిచి, పని బాగానే సాగుతోందని నమ్మకం కలిగాక మూసుకుంది.

ఆదివారం పొద్దున్నే ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, ప్లంబరు రాకముందే డిక్కీ తెరిచి కవరు పరిచాడు. వేలెడు అటూ ఇటూ కాకుండా సరిపోయింది. "ఇక ఎక్కించు!" అన్నాడు మీసం మీద చెయ్యి వేసి.

ఆవిడ సైకిలును లోపల పడుకోబెట్టింది. తలుపు మూతపడలేదు. ముందు చక్రం ఊడదీసింది. అయినా పడలేదు. మేనేజరు ఎక్కి చూసి, పైన తల కొట్టుకుని, ఆయన వంక ఓ అధికారి చూపు చూసి దిగిపోయింది.

"ఇంత డిక్కీలో సైకిలు పట్టకపోవడమేమిటండీ?" అని ఆవిడ కవరు అంచు ఎత్తింది. కింద దుప్పటి. దుప్పటి ఎత్తింది, బొంత. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొలతలు తీసేటప్పుడు పాతవి తియ్యాలని ఆయనకు తోచనే లేదు. ఆయన లెక్కలో అవన్నీ కలిస్తేనే డిక్కీ.

"లోపలంతా కాపలావాళ్లే. కాపాడాల్సింది ఎక్కడుందండీ?" అంటూ ఒక్కొక్కటే పీకి గోడ మీద పడేయసాగింది. ఆయన వద్దు వద్దంటూ కాలుగాలిన పిల్లిలా చుట్టూ తిరిగాడు. చివరికి కంపెనీ ప్లాస్టిక్ మిగిలింది. అదీ లాగేసరికి ముక్కిపోయిన వాసన గుప్పుమంది. అడుగంతా నల్లటి బూజు, మూలల్లో తుప్పు. ఎప్పటి వాననీరో లోపలికి దిగి, ఆరే దారి లేక ఏళ్ల తరబడి అక్కడే నానింది.

ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఎవర్నీ తాకనివ్వకుండా కాపాడుకున్నది ఈ తుప్పునా! ఆవిడకు నవ్వు తన్నుకొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేసింది.

"బురదైతే కడిగితే పోయేది," అంది మెల్లగా.

అంతలో హారన్. "అక్కా, వస్తారా?" అని ప్లంబరు కేక. ఆవిడ మొగుడి వంక చూసింది.

ఆయన గబగబా కళ్లు తుడుచుకున్నాడు. తెల్లచొక్కాకు చక్రం బురద అంటుకుంటున్నా సైకిలును రెండు చేతులా ఎత్తి ఉత్త రేకు మీద పడుకోబెట్టాడు. "మేనేజరూ, ఎక్కు!" అని కసిరాడు. తలుపు టక్కున మూతపడింది. "నువ్వెళ్లవయ్యా. మా ఆవిణ్ణి నేను తీసుకెళ్తున్నా," అని వీధి మొత్తానికి వినబడేలా చెప్పాడు. ఆ ఊపులో కొత్త కవరు పరచడం మర్చిపోయాడు. అది గోడ మీదే ఉండిపోయింది.

అడవి దగ్గర ఆయన కారులోనే కూర్చుని ఎదురుచూశాడు. ఎండ ఎక్కాక ఇద్దరూ తిరిగొచ్చారు. ఆవిడకు ఎక్కువ బురదో, కుక్కకు ఎక్కువ బురదో తేల్చడం కష్టం. సైకిలూ కుక్కా డిక్కీలో చేరాయి. ఆవిడ ముందు తలుపు తెరిచింది గానీ ఎక్కలేదు. బూట్లు విప్పి చేత పట్టుకుని, మెడలోని తువ్వాలు తీసి, సీటు మీద మూలలు సర్దుకుంటూ జాగ్రత్తగా పరవసాగింది. ఎవరూ చెప్పకుండానే, ఊపిరి తీసుకున్నంత మామూలుగా. ఎన్నేళ్ల నుంచి ఇలా చేస్తోందో గానీ ఆయన చూడడం మాత్రం ఇదే.

ఆయన చెయ్యి చాచి తువ్వాలు లాగేశాడు.

"అలాగే కూర్చో."

"సీటు పాడవుతుందండీ."

"పాడవనీ. కుట్టేవాణ్ణి నేనున్నాగా."